నాణెంపై తప్పు - చరిత్రకు సాక్ష్యం

తప్పుపడిన నాణేలను సేకర్తలు ఎక్కువ వెలకు కొంటారు. చరిత్ర విద్యార్థికి వాటి విలువ మరొకటి.

పూర్వం లోహపు బిళ్ళను రెండు అచ్చుల నడుమ ఉంచి సుత్తితో కొట్టేవారు. దెబ్బ పడేటప్పుడు బిళ్ళ జరిగితే ముద్ర ఒక ప్రక్కకు పోతుంది. ఆ లోపం ఆ ఒక్క నాణేనిదే. అచ్చు చెక్కడంలోనే పొరపాటు జరిగితే, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెంపైనా అదే కనిపిస్తుంది. కాబట్టి మొదటిది చేతి తొందరను తెలుపుతుంది. రెండవది చెక్కినవాని పరిజ్ఞానాన్ని తెలుపుతుంది.

రెండవదానికి ప్రసిద్ధమైన ఉదాహరణ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఇంగ్లండులో మెర్సియా రాజ్యాన్ని క్రీ.శ. 757 నుండి 796 వరకు ఏలిన ఆఫా పేరిట వెలువడిన బంగారు నాణెమది. అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో హిజ్రీ 157 (క్రీ.శ. 773-74)లో ముద్రించిన దీనారుకు అది నకలు. "ముహమ్మదుర్రసూలుల్లాహ్" అనే పంక్తుల నడుమ లాటిన్‌లో "ఆఫా రెక్స్", అనగా ఆఫా రాజు, అని ఉన్నది. దీనిని చూచి ఆ రాజు ఇస్లాం స్వీకరించాడని ఊహించినవారు లేకపోలేదు.

కాని నాణేన్ని పరికించండి. అరబీ వ్రాతలో తప్పులున్నాయి. రాజు పేరు సరిగా చదువబోతే అరబీ తలక్రిందులవుతుంది. చెక్కినవానికి ఆ భాష రాదన్నది స్పష్టం. హిజ్రీ సంవత్సరం కూడా మూలం నుండి దిగినదే గనుక, అది ఈ నాణెం తేదీ కానక్కరలేదు. అర్థం తెలియక చెక్కిన కలిమా ఎవరి విశ్వాసానికీ ఆధారం కాజాలదు. అయితే ఖలీఫా దీనారుకు అంత దూరాన కూడా పరపతి ఉండేదనడానికి ఈ నాణెం గట్టి నిదర్శనం. మనకు ప్రియమైన ఊహను విడిచి, నిలువగల సత్యాన్ని గ్రహించడమే విద్యార్థి ధర్మం.