అంతరిక్షంలో ఊపు ఆపేదెలా?

రామచంద్రపురం చుట్టుపక్కల సార్వా ఊడ్పుల వేళ ఆకాశమంతా మబ్బే. కెమెరా ఉపగ్రహానికి అప్పుడు చేను కనపడదు, నైసార్‌కు కనపడుతుంది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఈ ఉపగ్రహం 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది. మబ్బుల్ని దాటి చూసే రాడార్ దీనిది. 12 రోజులకోసారి అదే దారిన తిరిగొస్తుంది.

దాని యాంటెన్నా వెడల్పు 12 మీటర్లు, బరువు 64 కిలోలే! బంగారు పూత తీగతో అల్లిన వల అది. మడిచి పంపి, ఆగస్టు 15న పైన విప్పారు. 9 మీటర్ల చేతి చివర నిలిచిన ఇంత తేలికైన వస్తువుకు ఊగే గుణం తప్పదు.

పైన గాలి లేదు కాబట్టి మొదలైన ఊపు ఓ పట్టాన ఆగదు. 1990లో వెళ్లిన హబుల్ టెలిస్కోపు నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి మారినప్పుడల్లా సౌరఫలకాలు అదిరేవి, చూపు చెదిరేది. ఒక్కో ఊపుకు దాదాపు 10 సెకన్లు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి ఆ ఫలకాల్నే మార్చారు.

అంతకుముందు 1958లో, అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 తన పొడవు వెంబడి ఉన్న అక్షం చుట్టూ తిరగాల్సింది పోయి పల్టీలు కొట్టింది. నాలుగు యాంటెన్నా తీగల ఊపే కారణం.

ఈ సమస్య మీద 1988లో వచ్చిన ‘లార్జ్ స్పేస్ స్ట్రక్చర్స్: డైనమిక్స్ అండ్ కంట్రోల్’ పుస్తకం సంపాదకుల్లో ఒకరు మన గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి. 2013లో పద్మభూషణ్ అందుకున్నారు.

అసలు చిక్కు పరీక్షల దగ్గరే. నేల మీద ఇలాంటి తేలికపాటి నిర్మాణాలు తమ బరువుకే వంగిపోతాయి. పైన ఎలా ఊగుతాయో కింద కచ్చితంగా కొలవలేం. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ ఆ తీరూ మారుతుంది. తప్పు క్షణంలో థ్రస్టర్ (ఉపగ్రహాన్ని నెట్టే చిన్న ఇంజిన్) మండిస్తే ఊపు ఇంకా పెరుగుతుంది.

కృత్రిమ మేధ అక్కరకొచ్చేది ఇక్కడే. కావడి మోసేవాడు బద్ద ఊపును భుజంతో పసిగట్టి అడుగు మార్చుకుంటాడు. కృత్రిమ మేధలో ఒక రకమైన న్యూరల్ నెట్‌వర్క్ కూడా అంతే. సెన్సర్లు చెప్పే కదలికను బట్టి తన లెక్కను ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ, ఉపగ్రహాన్ని తిప్పే చక్రాలకు, థ్రస్టర్లకు ఆజ్ఞలిస్తుంది.

ఈ పరిశోధన ఎక్కువగా కంప్యూటర్ నమూనాల్లో, ప్రయోగశాలల్లోనే సాగుతోంది. నేర్చుకునే యంత్రం తప్పు నేర్చుకుంటే, హబుల్‌కు వెళ్లినట్టు ప్రతిసారీ పైకెళ్లి బాగుచేసేవాళ్లుండరు. అందుకని చాలామంది పరిశోధకులు పగ్గాలన్నీ దానికి అప్పగించరు. పాత పద్ధతి నియంత్రణను అలాగే ఉంచి, నెట్‌వర్క్‌తో చిన్న సవరణలు మాత్రం చేయిస్తారు, వాటికీ హద్దు పెడతారు. కోట్ల రూపాయల ఉపగ్రహానికి ఆ మాత్రం జాగ్రత్త న్యాయమేనని నా అభిప్రాయం.