బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక

ఆంధ్రపత్రిక తెలుగునాట పుట్టినది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో దానిని బొంబాయిలో వారపత్రికగా స్థాపించినారు. అమృతాంజనము వ్యాపారములో గడించిన ధనమే దానికి ఆధారము. 1914లో అది మద్రాసు చేరి దినపత్రిక అయినది. స్వరాజ్యోద్యమ వార్తలను, ఆంధ్రరాష్ట్ర వాదమును ప్రతిదినము తెలుగులో అందించినది. చదువు వచ్చినవారు రానివారికి పైకి చదివి వినిపించు రోజులవి. ఒక్క ప్రతితో పదిమందికి లోకజ్ఞానము కలిగెడిది. పంతులుగారు 1938లో గతించినను పత్రిక 1991 వరకు నడిచినది.

నేత సోదరులారా! పరరాష్ట్రములలో మన బిడ్డలు తెలుగు మాటాడుచున్నారు గాని, చదువలేనివారు పెక్కురు. పడుగు ఎంత గట్టిదైనను పేక లేనిదే బట్ట కాదు. మాటకు చదువు తోడు కావలెను. రాత్రి మగ్గము చాలించిన పిదప అరగంటసేపు పిల్లలచేత తెలుగు చదివించుడు. చదువగలవారు లేనిచో, రేపు మరియొక పంతులుగారు పుట్టి పత్రిక పెట్టినను అది ఎవరికొరకు?