మీకు తెలుసా? చీకటి చూసి పూసే ఆస్టర్

మన పూల మార్కెట్లలో కిలోల లెక్కన అమ్మే ఆస్టర్, అమెరికా, బ్రిటన్ పెరళ్ళలో ఏటేటా పూసే ఆస్టర్ ఒకటి కావు. మన దండల్లోకి వచ్చేది చైనా ఆస్టర్. అది ఒక్కసారి పూసి, విత్తనం కట్టి ఎండిపోతుంది. రెండోది బహువార్షికం. చలికాలంలో పైన కాడలన్నీ ఎండినా నేలలో వేరు బతికే ఉంటుంది, వసంతంలో మళ్ళీ పిలకలు వేస్తుంది. మన మైదానాల వేడికి అది అంతగా ఓర్చుకోదు. న్యూజెర్సీలోనో, లండన్ శివార్లలోనో పెరడున్న మనవాళ్ళు మాత్రం తప్పక పెంచాల్సిన మొక్క. అక్కడ బతుకమ్మ పేర్చే రోజుల్లోనే ఇది ఊదా, గులాబీ, తెలుపు రంగుల్లో విరగబూస్తుంది.

ఆ వేళకే ఎందుకు పూస్తుందంటే, దీనికి మొగ్గ తొడిగే సూచన రాత్రి నుంచి అందుతుంది. వేసవి దాటి రాత్రులు పెరుగుతుంటే మొక్క పూతకు సిద్ధమవుతుంది. అందుకే కొసలు తుంచే పనికి గడువుంది. మే చివరి నుంచి జూలై మొదటి వారం దాకా, ఆకు కణుపుకు కాస్త పైన లేత కొసను గోటితో గిల్లేయండి. కొద్ది రోజులకే కింది కణుపుల్లోంచి పక్క కొమ్మలు వస్తాయి. పొడుగ్గా సాగి వాలిపోయే మొక్క గుబురుగా నిలబడుతుంది, పూలూ ఎక్కువే. జూలై నడుమ దాటాక గిల్లితే పోయేది పూమొగ్గలే.

ఒక పువ్వును దగ్గరగా చూడండి. మనం రేకులనుకునేవి ఒక్కొక్కటీ ఒక పువ్వు. నడుమ పసుపు బొట్టులో ఉన్నవీ చిట్టి పూలే, పదుల సంఖ్యలో. అంచు వైపు నుంచి ఒక్కో వరుసే విచ్చుకుంటూ లోపలికి వస్తాయి. చాలా రకాల్లో ఆ పసుపు రోజులు గడిచేకొద్దీ ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఎర్రబడ్డవాటిని వదిలి తేనెటీగలు పసుపువాటి మీదే ఎక్కువగా వాలతాయి. మెక్సికో కొండలకు వేల కిలోమీటర్లు ఎగిరిపోయే మోనార్క్ సీతాకోకచిలుకలకూ దారిలో ఆకలి తీర్చే పూలలో ఇవి ముఖ్యమైనవి.

అమెరికాలో అడవి పువ్వుగా పుట్టిన న్యూయార్క్ ఆస్టర్ నుంచి ఇంగ్లండ్‌లో ఎన్నో తోట రకాలు వచ్చాయి. మాల్వర్న్ కొండల దగ్గర కాల్వాల్‌లో ఎర్నెస్ట్ బల్లార్డ్ 1906లో నర్సరీ పెట్టి ఈ పనికే అంకితమయ్యారు. అందమైన మొక్కే, కానీ బూడిద తెగులుకు ఇట్టే లొంగుతుంది. వేరు దగ్గర నేల ఎండిపోయి, ఆకుల మధ్య గాలి ఆడకపోతే ఆకులు తెల్లగా పిండి చల్లినట్టవుతాయి. రెండడుగుల ఎడం ఇచ్చి, నీళ్ళు ఆకుల మీద కాక మొదట్లో పోయండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ మేలు, తెగులును బాగా తట్టుకుంటుంది.

నన్నడిగితే అన్నిటికన్నా ముందు చెప్పేది ‘మోంక్’ పేరు. లావెండర్ నీలం పూలతో, జూలై నుంచే మొదలై నెలల తరబడి పూస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఫ్రికార్ట్ అనే నర్సరీ యజమాని, యూరప్ ఆస్టర్‌ను మన పశ్చిమ హిమాలయాల్లో పెరిగే థామ్సోనీ ఆస్టర్‌తో సంకరం చేసి తెచ్చిన రకం. అక్కడి ఆల్ప్స్ శిఖరం పేరు పెట్టారు కానీ సగం రక్తం హిమాలయాలదే.

అక్టోబరులో దుకాణాల్లో నిండుగా పూసిన కుండీలు ఊరిస్తాయి. గడ్డకట్టే చలి ఉన్న చోట అప్పుడు నాటితే వేరు పట్టేలోపే చలి ముంచుకొస్తుంది, చాలా మొక్కలు పోతాయి. నాటడానికి వసంతమే సరైన కాలం, రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోట.

పూత అయ్యాక కాడలు కోయకండి. గోల్డ్‌ఫించ్ పిట్టలు ఆ విత్తనాలు తింటాయి. మూడేళ్ళకోసారి వసంతంలో దుబ్బును తవ్వి, నడుమ మొద్దుబారిన భాగం పారేసి, అంచుల్లోని బలమైన పిలకలు నాటుకోండి. మంచి రకాన్ని స్నేహితులకిచ్చేటప్పుడూ పిలకే ఇవ్వాలి, విత్తనం నుంచి మొలిచిన మొక్కకు తల్లి రంగే వస్తుందని చెప్పలేం.