బెల్లు కొట్టాక మొదలయ్యే చదువు

2020 మార్చిలో విశ్వవిద్యాలయాలు మూతపడ్డాక పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. సిలబస్ ఎలాగో పూర్తయింది గానీ విద్యార్థి ఒంటరివాడయ్యాడు. ఆన్‌లైన్ క్లాసులో కెమెరాలు ఆపేసిన నల్లటి గడులు, వాటి మీద పేర్లు. ‘అర్థమైందా?’ అని అడిగితే చాట్‌లో ఎవరో ఒకరు ‘ఎస్ సార్’ అని కొడతారు. క్లాసు అవగానే తెర ఖాళీ. కాలేజీలోనైతే బెల్లు కొట్టాకే అసలు మాటలు మొదలవుతాయి: వరండాలో తేలని లెక్క, క్యాంటీన్‌లో చెరిసగం టీ, పక్కవాళ్ల నోట్సు. పోయింది లెక్కలో లేని ఈ సమయమే. తోటివారితో, అధ్యాపకులతో బంధం కుదరకపోవడం కూడా చదువు మానేయడానికి కారణమని అమెరికా పరిశోధకుడు విన్సెంట్ టింటో 1975లోనే వాదించాడు.

వాట్సాప్ గ్రూపులున్నాయిగా అనవచ్చు. వాటిలో తిరిగేవి ఎక్కువగా పీడీఎఫ్‌లు, గడువు తేదీలు. ‘నాకేమీ అర్థం కావట్లేదు’ అని రెండొందల మంది ముందు రాయడానికి ఎవరికైనా బెరుకే. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ చదివేవాళ్లకు ఆన్‌లైనే దారి కదా అన్న మాట మాత్రం బలమైనది, కాదనలేం. అయితే 1982లో పుట్టిన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా పుస్తకాలు పంపి ఊరుకోలేదు. స్టడీ సెంటర్లు పెట్టి, అక్కడ మనుషుల్ని కలిపింది. ఆన్‌లైన్ కోర్సుల్లోనూ సెమిస్టరంతా మారని ఎనిమిది మంది బృందాలు, క్లాసయ్యాక హాజరు పట్టని పది నిమిషాలు ఉంచడం పెద్ద ఖర్చేమీ కాదు.