ఈ ప్రోగ్రాము నడపవచ్చునా?

మీరు అండమాన్‌లోని హోప్ టౌన్‌లో ఉంటున్నారనుకోండి. పోర్టుబ్లెయిర్ రేవుకు అవతలి ఒడ్డున కొండ కింద ఉన్న చిన్న ఊరది. పోర్టుబ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం అని మార్చారు గాని పాత పేరు అందరికీ అలవాటు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యే వరకు ఈ దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదుగానే, అదీ నత్తనడకన వచ్చేది. అలాంటి చోట పెద్ద ప్రోగ్రాములు పెన్‌డ్రైవుల్లో చేతులు మారడం మామూలే. విశాఖ నుంచి ఓడలో వచ్చిన మీ బాబాయి ఒక పెన్‌డ్రైవు ఇచ్చారు. తెలుగు టైపింగ్‌కు పనికొస్తుందంటూ అందులో ఒక ప్రోగ్రాము ఫైలు ఉంది. ఎవరు తయారుచేశారో ఆయనకూ తెలియదు. నడపవచ్చునా?

ముందు ఒక సంగతి. ఫొటోను కంప్యూటర్ చూపిస్తుంది, ప్రోగ్రాము చెప్పినట్టు చేస్తుంది. మీరు నడిపిన ప్రోగ్రాముకు మీకున్న అధికారాలే దఖలు పడతాయి. మీరు తెరవగల ఉత్తరాలను అదీ తెరవగలదు, మీరు చెరపగల ఫొటోలను అదీ చెరపగలదు. కాబట్టి పరీక్షలన్నీ రెండుసార్లు నొక్కడానికి ముందే జరగాలి.

మొదట పేరు చూడండి. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచేస్తుంది. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి లోకమంతా పాకిన 'ఐ లవ్ యూ' అనే పురుగు ఈ లోపాన్నే వాడుకుంది. ప్రేమలేఖలా కనిపించిన ఆ ఫైలు పేరులో 'టిఎక్స్‌టి' తరువాత 'విబిఎస్' అనే అసలు తోక ఉంది, అది చాలామందికి కనిపించలేదు. నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను. ఒక జిరాక్సు షాపు నుంచి తెచ్చిన పెన్‌డ్రైవులో పసుపు ఫోల్డరు బొమ్మ కనిపిస్తే తెరిచాను. అది ఫోల్డరు వేషం వేసుకున్న ప్రోగ్రాము. రెండు రోజుల పని పోయింది. ఆ రోజే విండోస్‌లో తోకలు కనిపించేలా మార్చుకున్నాను. మీరూ మార్చుకోండి, నిమిషం పని.

పేరు ఎలా మార్చినా ఫైలు లోపలి మొదటి అక్షరాలు అసలు రంగు చెబుతాయి. విండోస్ ప్రోగ్రాము ఫైలు 'ఎం', 'జెడ్' అనే రెండు ఆంగ్లాక్షరాలతో మొదలవుతుంది. ఆ ఫైలు రూపాన్ని తీర్చిన మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పొడి అక్షరాలవి. నోట్‌ప్యాడ్‌లోకి తెచ్చి చూస్తే ఫైలు నడవదు, ఈ అక్షరాలు మాత్రం కనిపిస్తాయి. ఫొటో అని చెప్పిన ఫైలు ఇలా మొదలైతే దాన్ని చెరిపేయడమే మంచిది.

తరువాత సంతకం. ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే డిజిటల్ సంతకం ఉందో లేదో తెలుస్తుంది. సంతకం సరిగా ఉంటే, ఫలానా సంస్థ దీన్ని ధ్రువీకరించింది, ఆ తరువాత ఒక్క బిట్ కూడా మారలేదు అని అర్థం. అంతకు మించి ఏమీ కాదు. హోప్ టౌన్ వాసులకు దీనికి ఉదాహరణ దూరం పోయి వెతకనక్కరలేదు. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం వైస్రాయ్ లార్డ్ మేయోను ఈ ఊరి జెట్టీ దగ్గరే పొడిచిన ఖైదీ షేర్ అలీ, మంచి నడవడి చూసి తిరగనిచ్చిన మనిషి. మంగలి పని చేసుకునేవాడు. 2017లో సిక్లీనర్ అనే పేరున్న ప్రోగ్రాముకు అచ్చం ఇదే జరిగింది. దొంగలు తయారీదారుల కంప్యూటర్లలోకే చొరబడి 5.33 వెర్షన్‌లో తమ కోడ్ కలిపారు. దాని మీద సంస్థ అసలు సంతకమే ఉంది. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరాక గాని బయటపడలేదు.

ఇక వేలిముద్ర. ఎస్‌హెచ్‌ఎ-256 అనే గణిత పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 64 అంకెలు, అక్షరాల వరుసగా కుదిస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. విండోస్‌లోనే ఉన్న 'సర్ట్‌యుటిల్' అనే ఆదేశం దీన్ని లెక్కకట్టి ఇస్తుంది. 2004లో స్పెయిన్‌లో మొదలై 2012 నుంచి గూగుల్ చేతిలో ఉన్న వైరస్‌టోటల్‌లో ఈ వరుసను వెతకవచ్చు. దాదాపు 70 వైరస్ నిరోధక ప్రోగ్రాములు ఆ ఫైలు గురించి ఏమన్నాయో ఒకేచోట కనిపిస్తుంది. నెట్ మందంగా ఉన్న చోట ఇది పెద్ద సుఖం, వందల మెగాబైట్ల ఫైలుకు బదులు 64 అక్షరాలు పంపితే చాలు. సొంత పత్రాలను మాత్రం అక్కడికి పంపకండి, చందాదారులైన పరిశోధకులు వాటిని చూడగలరు.

ఫలితాన్ని చదవడంలోనే చాలామంది పొరబడతారు. డెబ్బైలో ఏ ఒకటో రెండో అనుమానిస్తే అది తప్పుడు హెచ్చరిక కావచ్చు. ఒక్కటీ అనుమానించకపోతే మంచిదని కాదు, ఇంకా ఎవరూ గుర్తుపట్టలేదని మాత్రమే. నిన్ననే పుట్టిన ఫైలుకు నేరచరిత్ర ఎక్కడుంటుంది? ఏ ప్రోగ్రామునైనా చూసి వైరస్ అవునో కాదో తప్పులేకుండా చెప్పే ప్రోగ్రాము అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ 1984లోనే చూపించారు. విండోస్ ప్రో రకాల్లో 2019 నుంచి ఉన్న శాండ్‌బాక్స్‌లో ఫైలును విడిగా నడిపి చూడవచ్చు గాని, తనను పరీక్షిస్తున్నారని పసిగట్టి బుద్ధిమంతుడిలా కూర్చునే ప్రోగ్రాములూ ఉన్నాయి.

ఈ చిక్కుకు సి-డాక్ సంస్థ హైదరాబాద్ కేంద్రం మరో దిక్కు నుంచి వచ్చింది. చెడ్డవాటి జాబితా ఎప్పటికీ పూర్తికాదు, మంచివాటి జాబితా రాసుకోవచ్చు. వారి 'ఆప్‌సంవిద్' మీరు ముందుగా ఒప్పుకున్న ప్రోగ్రాములను మాత్రమే నడవనిస్తుంది. ఢిల్లీలో 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్ర ద్వారా దీన్ని ఉచితంగా విడుదల చేశారు. ఇంట్లో రోజూ కొత్త ప్రోగ్రాములు వేసుకునేవారికి ఇది విసుగే. నాలుగే ప్రోగ్రాములు వాడే బడి ఆఫీసుకూ కొట్టుకూ బాగా నప్పుతుంది.

ఫోనులో వాట్సాప్ ద్వారా వచ్చే ఎపికె ఫైళ్లదీ ఇదే కథ. పెళ్లి శుభలేఖ బొమ్మగానో పిడిఎఫ్‌గానో రావాలి. ఇన్‌స్టాల్ చేయమని అడిగితే అది శుభలేఖ కాదు.

ఇంతకీ బాబాయి పెన్‌డ్రైవు సంగతి? నేనైతే ఆ ఫైలును నడపను. దాని పేరు చూసి, తయారుచేసిన వారి సొంత సైటు నుంచి కొత్త కాపీ తెచ్చుకుంటాను, ఇప్పుడు కేబుల్ ఉంది కదా. రెండింటి వేలిముద్రలూ పోల్చి చూస్తాను. వెర్షన్ ఒకటే అయి, ముద్రలు కలవకపోతే బాబాయికి ఫోన్ చేసి చెబుతాను, అదే ఫైలు ఆయన కంప్యూటర్‌లోనూ ఉండి ఉంటుంది. ఆయన అప్పటికే నడిపేసి ఉంటే వెంటనే నెట్ తీసేయాలి, పాస్‌వర్డులు వేరే యంత్రం నుంచి మార్చుకోవాలి. బ్యాంకు డబ్బు కదిలినట్టు కనిపిస్తే 1930కి ఫోన్ చేయడం ఆలస్యం చేయకూడదు.