డార్క్ మ్యాటర్ అసలు ఉందా? లేక న్యూటన్ లెక్కే తప్పా? తేల్చే పనిలో హైదరాబాద్ కూడా!

హైదరాబాద్: పాతబస్తీ ఫిసల్‌బండలో ఇప్పుడు తలెత్తి చూస్తే కనిపించేవి బిల్డింగులు, కరెంటు వైర్లే. కానీ 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన నిజామియా అబ్జర్వేటరీని మొదలుపెట్టింది ఇక్కడే. తర్వాత అది బేగంపేటకు మారింది. అప్పట్లో అక్కడి పని ఆకాశంలో ఏ నక్షత్రం ఎక్కడుందో లెక్క రాయడం. ఇప్పుడు సమస్యేంటంటే, కనిపించేవాటితో లెక్క సరిపోవట్లేదు.

సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడి స్పీడ్ సెకనుకు 47 కిలోమీటర్లు. దూరంగా ఉన్న నెప్ట్యూన్‌ది 5 కిలోమీటర్లే. గెలాక్సీల్లో మాత్రం ఈ రూల్ చెల్లట్లేదు. 1970ల్లో వెరా రూబిన్ టీమ్ చూస్తే, అంచుల్లోని నక్షత్రాలు కూడా లోపలివాటితో దాదాపు సమానంగా పరిగెడుతున్నాయి. చార్మినార్ చుట్టూ ఆటోని లిమిట్ దాటి తిప్పితే పల్టీ కొడుతుంది కదా. మరి ఈ నక్షత్రాలు ఎందుకు ఎగిరిపోవట్లేదు?

కనిపించని పదార్థమేదో పట్టి ఉంచుతోందన్నది ఎక్కువ మంది మాట. అదే డార్క్ మ్యాటర్. మామూలు పదార్థం కంటే సుమారు 5 రెట్లు ఎక్కువ ఉండాలట. కానీ దాని కణం ఒక్కటి కూడా ఇంతవరకు చిక్కలేదు.

1983లో ఇజ్రాయెల్ సైంటిస్ట్ మొర్దెహై మిల్‌గ్రోమ్ ఇంకో మాటన్నారు. పదార్థం తక్కువ కాలేదు, గ్రావిటీ సూత్రమే మార్చాలి అని. ఆకర్షణ బాగా బలహీనమైన చోట దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకు కాదు, సగానికే తగ్గుతుందన్నారు. ఇదే 'మోండ్'. ఒప్పుకోవాల్సిందే, చాలా గెలాక్సీల స్పీడ్ ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. గెలాక్సీల గుంపుల దగ్గరే తడబడుతుంది.

హైదరాబాద్ పాత్ర మొదలయ్యేది 2017 ఆగస్టు 17న. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. గురుత్వ తరంగాలు వచ్చిన 1.7 సెకన్లకే గామా కిరణాలూ వచ్చేశాయి. గ్రావిటీ సూత్రం మార్చే సిద్ధాంతాల్లో కొన్నింటి ప్రకారం ఈ రెండూ వేర్వేరు దారుల్లో ప్రయాణించాలి. అంటే వెలుగు సుమారు 400 రోజులు లేటుగా రావాలి! ఐఐటీ హైదరాబాద్‌కు చెందిన శంతను దేశాయ్, విదేశీ సహచరులతో కలిసి 2018లో 'ఫిజికల్ రివ్యూ డి'లో ఇదే పాయింట్ చూపించారు. దాంతో ఆ రకం సిద్ధాంతాలకు తెరపడింది.

అలాగని మోండ్ మొత్తం అవుట్ అనుకోవద్దు. మిగిలిన రకాలకు ఇంకా అవకాశం ఉందని అదే పేపర్ చెప్పింది. 2023లో గయా శాటిలైట్ డేటాతో, బాగా ఎడంగా తిరిగే జంట నక్షత్రాలను రెండు టీమ్‌లు లెక్కగట్టాయి. ఒకరు న్యూటన్ తప్పన్నారు, ఇంకొకరు మోండే తప్పన్నారు. గొడవంతా ఏ జంటల్ని లెక్కలోకి తీసుకోవాలి, వేటిని వదిలేయాలి అన్న దగ్గరే.