కోత కోయాలా, ఆగాలా?

కార్తీకమాసం. కృష్ణా డెల్టాలో ఒక చిన్న పల్లె. వరిచేలు పండి పసుపురంగుకు తిరిగాయి. రైతు గట్టు మీద నిలబడి తూర్పు ఆకాశం వంక చూస్తున్నాడు. ఆయన మనసులో ఒకటే ప్రశ్న: రేపు కోత మొదలుపెట్టాలా, వారం ఆగాలా?

చేతితో కోసిన వరిని చేలోనే పనలుగా పరచి కొద్ది రోజులు ఎండనివ్వాలి. తర్వాతే కుప్ప వేస్తారు. పనల మీద వాన పడి నీరు నిలిస్తే గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. పోనీ, కోయకుండా ఆగితే? పండిన పైరు గాలివానకు ఒరిగిపోతుంది, గింజ రాలుతుంది. కనుక రైతుకు కావలసింది వరుసగా నాలుగైదు పొడి రోజులు.

ఈ కాలంలోనే ఎందుకీ బెంగ?

అక్టోబరులో నైరుతి రుతుపవనాలు వెనుదిరుగుతాయి. గాలి ఈశాన్యం నుంచి వీస్తూ బంగాళాఖాతం మీద తేమను మోసుకొస్తుంది. సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది కనుక అల్పపీడనాలు ఏర్పడతాయి. కొన్ని బలపడి వాయుగుండాలు, తుఫానులు అవుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అటువంటి తుఫాను తెచ్చినదే.

వారం ముందే ఎలా చెబుతారు?

ఎగురవేసిన బెలూన్లు, ఇన్సాట్ ఉపగ్రహాలు, మచిలీపట్నంలో ఉన్నటువంటి రాడార్లు గాలి, తేమ, మేఘాల సంగతులు అందిస్తాయి. వాటిని తీసుకుని కంప్యూటరు రేపటి స్థితిని, దాని నుంచి ఎల్లుండి స్థితిని లెక్కకడుతుంది.

అయితే ఇక్కడే ఒక చిక్కు. 1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ ఒక పాత వాతావరణ లెక్కను కంప్యూటరుచేత మళ్ళీ చేయించారు. 0.506127 అనే అంకెకు బదులు 0.506 అని ఇచ్చారు. మొదట రెండు లెక్కలూ ఒకేలా సాగాయి. తర్వాత పూర్తిగా వేరైపోయాయి! గాలి కొలతలో చిన్న తేడా ఉన్నా రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. అందుకే రేపటి మాట గట్టిగా చెప్పవచ్చు. ఏడో రోజు గురించి చెప్పేది సూచన మాత్రమే.

మాటల వెనుక కొలతలు

'ఒకటి రెండు చోట్ల' వర్షం అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని అర్థం. మీ ఊళ్ళో చినుకు పడనంత మాత్రాన ఆ సూచన తప్పినట్లు కాదు. 'ఒక మోస్తరు' అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు. 'భారీ' అంటే అంతకు మించి 115.5 వరకు. ఒక్క మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే సుమారు 4,000 లీటర్ల నీరు. 20 మిల్లీమీటర్లయితే 80,000 లీటర్లు!

ఇక మన రైతు సంగతి. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా రైతులకు సలహాలు ఇస్తుంది. మంగళవారం సూచనలో మూడు రోజులు పొడి, నాలుగో రోజు అల్పపీడనం అని ఉందనుకుందాం. పనలు ఆరడానికి మూడు రోజులు చాలవు. అందుచేత ఆయన కోత ఆపి, చేలో నీరు బయటికి పోయేలా బోదె బాగుచేసుకుంటాడు. శుక్రవారం తాజా సూచన చూసి మళ్ళీ నిర్ణయిస్తాడు. సూచనను నమ్మడం అంటే ఇదే: ఒకసారి విని ఊరుకోవడం కాదు, అది మారినప్పుడల్లా మన పని మార్చుకోవడం.

మీరే చేసి చూడండి

అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బాను ఆరుబయట పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. పక్క గడిలో ఆ రోజుకు ఒక రోజు ముందు, అయిదు రోజుల ముందు వచ్చిన సూచనలు రాయండి. నెల తిరిగేసరికి ఏది ఎన్నిసార్లు నిజమైందో మీకే తెలుస్తుంది. ఆ పట్టికను మీ ఊరి రైతులకు కూడా చూపించండి.